ప్రాజెక్టు రిపోర్టు బయట చేయిస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు సివిల్, ఆర్కిటెక్చర్ ఫైనలియర్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ హెచ్చరిక. మేం నలుగురం విజయనగరంలో ఒక ప్రాజెక్టు సెంటర్‌కి ఎనిమిది వేలు కట్టి మోసపోయాం.

మా ప్రాజెక్టు వజ్రపుకొత్తూరు మండలం తీరంలో ఒక ఊరికి రెండంతస్తుల బడి. తుపాను వస్తే ఊరంతా అందులోనే తలదాచుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో మాలో ఇద్దరు కళ్లారా చూశారు. అందుకే స్థలం మేమే టేపు పట్టి కొలిచాం, ప్లాను మేమే గీశాం, మట్టి పరీక్ష రిపోర్టు తెచ్చాం. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో టైము చాలక డ్రాయింగులు, లోడు లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ స్టాడ్‌లో అనాలిసిస్, బైండింగ్ మాత్రం బయట ఇచ్చాం.

వారంలో పుస్తకం ఇస్తామన్నారు, ఇచ్చారు. గట్టి అట్ట, బంగారు రంగు అక్షరాలు. లోపల సరిగ్గా చూడకుండానే మిగతా డబ్బు ఫోన్‌పే చేసేశాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

రివ్యూలో మా గైడ్ గారు లెక్కలకి తీసుకున్న అంకెలుండే డిజైన్ డేటా పేజీ దగ్గరే ఆగిపోయారు. "గాలి వేగం 44 రాశారు, మీ బిల్డింగు ఏ ఊళ్లో కడుతున్నారు?" అని అడిగారు. సెకనుకి 44 మీటర్లు హైదరాబాద్‌కి తీసుకునే వేగం. మన తీరానికి 50. పైగా వాళ్లు వాడింది గాలి లోడు లెక్కకట్టే కోడ్ ఐఎస్ 875 మూడో భాగం, 1987 నాటిది. 2015లో సవరించిన కోడ్‌లో తుపాను తీరానికి కే4 అనే గుణకం వచ్చింది. బడులు, ఆసుపత్రులు, తుపాను షెల్టర్లకి అది 1.30. మిగతా గుణకాలన్నీ 1 అనుకున్నా వేగం 65కి చేరుతుంది. గాలి ఒత్తిడి 0.6 ఇంటూ వేగం స్క్వేర్ కాబట్టి, 44 మీద చదరపు మీటరుకి 1,162 న్యూటన్లు వచ్చేది 65 మీద 2,535 అవుతుంది. తుపానుకి ఊరివాళ్లు వచ్చి దాక్కోవాల్సిన బడికి సగం లోడు కూడా లెక్కకట్టని పుస్తకం మీద మా నలుగురి పేర్లు ఉన్నాయి. డబ్బు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ.

అక్కడినుంచి మేమే పేజీ పేజీ చూశాం. పునాదుల పట్టిక, అంటే ఫుటింగ్ షెడ్యూల్‌లో లిఫ్ట్ పిట్ ఉంది. మా బడికి లిఫ్టే లేదు. మేం గీసిన 1:12 వాలు ర్యాంపు డ్రాయింగుల్లో కనిపించలేదు. ఏదో అపార్ట్‌మెంట్ రిపోర్టుకి పేరు మార్చి ఇచ్చారని అప్పుడు అర్థమైంది. కాంక్రీటు బలం గ్రేడు ఎం20 రాశారు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కనీసం ఎం30, ఊచల మీద కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పు పడతాయి.

స్టాడ్ ఫైలు ఇవ్వమంటే ఇంకో మూడు వేలు అడిగారు. ఒప్పుకోకపోయేసరికి ఫోన్ ఎత్తడం మానేశారు. బిల్లు ముందే తీసుకోలేదు, ఇప్పుడు మా దగ్గర ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. మీరు మాత్రం బిల్లు తీసుకోండి. అది చేతిలో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గట్టిగా చెప్పుకోవచ్చు.

బయట ఇవ్వక తప్పకపోతే డ్రాఫ్టింగ్, ప్రింటింగ్ వరకే ఇవ్వండి. డిజైన్ డేటా పేజీ మీరే రాసి, దాని మీద సెంటర్ వాళ్ల సంతకం తీసుకోండి. పూర్తి డబ్బు కట్టేముందు ఆటోక్యాడ్, స్టాడ్ ఫైళ్లు మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఒక్క బీమైనా చేత్తో లెక్కగట్టి రిపోర్టుతో పోల్చుకోండి. పీడీఎఫ్ మాత్రమే ఇస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మేం పన్నెండు రోజులు రాత్రీ పగలూ కూర్చుని మొత్తం మళ్లీ చేశాం. మా డిజైన్ డేటా పేజీ నమూనా కావాలంటే అడగండి, పంపుతాను. అందులో అంకెలు మాత్రం మీ స్థలానికి తగ్గట్టు మీరే వేసుకోవాలి.