రెండు నెలల తర్వాత తెరిచినా స్లయిడర్లు ఉన్నచోటే ఉన్నాయి

ఫొటోలను సర్దే ఉచిత ప్రోగ్రాం గింప్. దాని 3.0 వెర్షన్ వచ్చింది 2025 మార్చిలో. అప్పట్నుంచి వాడుతున్నాను. అందులో నేను మురిసిపోయేది ఒక్కటే, ఈ రాతంతా దాని గురించే. ఫొటోలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్ని లేయర్లు అంటారు. ఒక లేయర్‌కు రంగు మారిస్తే ఆ మార్పు ఆ లేయర్ మీదే ఉంటుంది, పక్కవాటిని ముట్టుకోదు. పైగా ఎన్నాళ్ల తర్వాతైనా దాన్ని తెరిచి మళ్లీ సర్దుకోవచ్చు. లేయర్ పేరు పక్కన ‘ఎఫ్ఎక్స్’ అని చిన్న గుర్తు వస్తుంది. దాని మీద నొక్కితే ఆ లేయర్‌కు మనం వేసిన ఫిల్టర్లు, అంటే రంగు సర్దుబాట్ల లాంటివన్నీ వరసగా కనిపిస్తాయి.

ఇందులో కొత్తేముంది, ఫొటోషాప్‌లో 1996 నుంచే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు, అంటే అసలు ఫొటోను ముట్టుకోకుండా పైనుంచి రంగు సర్దే లేయర్లు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి, కాదనను. నేను మాత్రం 2018లో 2.10 వచ్చిన దగ్గర్నుంచి గింప్‌తోనే నెట్టుకొస్తున్నవాణ్ని. ఏళ్ల తరబడి లేనిది చేతికి వచ్చినప్పుడు ఉండే సంబరం వేరు.

మా మేనత్త ఫొటో సంగతి చెబితే ఆ సంబరం ఎందుకో మీకే అర్థమవుతుంది. కుటుంబమంతా కలిసి దిగిన గ్రూప్ ఫొటోలో పదకొండు మంది ఉన్నారు, ఆవిడ ఒక్కరే లేరు. బావ ఇంట్లో తీసిన ఆవిడ ఫొటో ఒకటి పంపించి, “ఇందులోంచి అమ్మను తీసి అందులో పెట్టరా” అన్నాడు. కత్తిరించి పెట్టడం ఒక పూట పని. చిక్కంతా రంగు దగ్గరే వచ్చింది. గ్రూప్ ఫొటో పగటిపూట చెట్టు నీడలో తీసింది, ఆ వెలుతురులో సన్నగా నీలం ఉంది. అత్తయ్య ఫొటో బల్బు కింద తీసింది, ముఖమంతా పసుపు. “బాగానే పెట్టావు గానీ, మా అమ్మ ఒక్కదానికే కామెర్లు వచ్చినట్టుందిరా” అన్నాడు బావ.

అప్పుడు నా దగ్గరున్నది 2.10. అత్తయ్య లేయర్‌ను ఎంచుకుని, కలర్ బ్యాలెన్స్ తెరిచి, స్లయిడర్‌ను పసుపు నుంచి నీలం వైపు జరిపాను. ఓకే నొక్కగానే ఆ మార్పు పిక్సెళ్లలోకి ఇంకిపోయింది. “ఇప్పుడేమో చలికి వణుకుతున్నట్టుంది” అన్నాడు. సరే, ఎరుపు కాస్త పెంచాను. తర్వాత కర్వ్స్, ఆ తర్వాత సాచురేషన్, మళ్లీ కలర్ బ్యాలెన్స్. అన్నీ ఒకదాని మీద ఒకటి. జేపీజీ ఫొటో ఎనిమిది బిట్లలోనే తెరుచుకుంటుంది, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే ఒక్కో చానెల్‌కు 256 మెట్లే. అన్నిసార్లు లాగి పీకేసరికి ఆ మెట్లు కరిగిపోయి, అత్తయ్య బుగ్గ మీద వెలుగునీడలు నున్నగా కలవకుండా చారలు చారలుగా తేలాయి. మధ్యలో ఫైల్ మూసి తెరిచాను కాబట్టి అన్‌డూ కూడా లేదు. ఏదీ చేయకముందే ఆ లేయర్‌కు ఒక నకలు తీసి దాచి ఉంటే సరిపోయేది. ఆ జాగ్రత్త తీసుకోలేదు, తప్పు నాదే. జుట్టు అంచులతో సహా మళ్లీ మొదటినుంచీ కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

3.0 పెట్టుకున్న కొన్నాళ్లకు అదే ఫొటో పెద్ద సైజులో ప్రింట్ కావాలన్నాడు బావ. పాత ఫైల్ చూస్తే నాకే సిగ్గేసింది, మళ్లీ కొత్తగా చేశాను. ఈసారి కలర్ బ్యాలెన్స్‌లో షాడోస్, మిడ్‌టోన్స్, హైలైట్స్ మూడూ విడివిడిగా సర్దాను. కలర్ టెంపరేచర్ అనే ఫిల్టర్ ఒకటుంది గానీ, ఇలాంటి పనికి అది మొరటుగా అనిపిస్తుంది. వెలుగుకూ నీడకూ ఒకే మందు పోస్తుంది. బల్బు పసుపేమో వెలుగు పడ్డ చోట ఎక్కువ, నీడలో తక్కువ. రంగు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను ముఖం చూడను, కళ్లలోని తెలుపు చూస్తాను. అత్తయ్య కళ్లలోని తెలుపూ పక్కనున్నవాళ్ల కళ్లలోని తెలుపూ ఒకేలా కనిపిస్తే చాలావరకు పని అయినట్టే. చర్మం రంగు మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి దాన్ని కొలతగా పెట్టుకుంటే మోసపోతాం.

రెండు నెలలకు ఫోన్ వచ్చింది. ప్రింట్‌లో అమ్మ ముఖం కాస్త ఎర్రగా వచ్చిందట. పాత అలవాటు కొద్దీ గుండె జారింది. ఫైల్ తెరిచాను, ఎఫ్ఎక్స్ గుర్తు అక్కడే ఉంది. నొక్కితే కలర్ బ్యాలెన్స్, కర్వ్స్ రెండూ కనిపించాయి. కలర్ బ్యాలెన్స్ తెరిస్తే మిడ్‌టోన్స్‌లో ఎరుపు నేను వదిలేసినట్టే ప్లస్ 14 దగ్గర ఉంది. దాన్ని 6కి తగ్గించాను. అర నిమిషం కూడా పట్టలేదు. కింద ఉన్న అసలు పిక్సెళ్లు మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వెంటనే పంపిస్తే తేలిగ్గా తీసుకుంటాడని బావకు మాత్రం సాయంత్రం పంపించాను.

ఆ వారమంతా కనిపించినవాళ్లందరికీ దీని గురించి చెప్పాను. ఆ తర్వాత ఒకరోజు గంటన్నర పాటు పిచ్చెక్కించింది.

మరో ఫొటోలో ఇలాగే ఒకర్ని పెట్టి, నీలం వైపు రంగు సర్దాను. జుట్టు అంచుల్లో పాత పసుపు గీతలా మిగిలింది. పక్కనున్న జుట్టు రంగును కలర్ పికర్‌తో తీసుకుని, బ్రష్‌తో సన్నగా పూద్దామనుకున్నాను. పూస్తే నీలంగా పడింది. పికర్‌తో తీసింది ఒక రంగు, బ్రష్‌తో పడేది ఇంకో రంగు. బ్రష్ మోడ్ చూశాను, నార్మలే. ఒపాసిటీ చూశాను, నూరే. మానిటర్ మీద అనుమానం వచ్చింది, కలర్ ప్రొఫైల్ మీద అనుమానం వచ్చింది, చివరికి నా కళ్ల మీద కూడా. సిస్టం రీస్టార్ట్ చేశాను. అదే నీలం.

సంగతేమిటంటే, ఫిల్టర్ లేయర్ మీద పరిచిన రంగు కాగితం లాంటిది. మనం పూసే రంగు దాని కిందకు, అసలు పిక్సెళ్ల మీదకు వెళ్తుంది. పికర్‌లో సాంపుల్ మెర్జ్డ్, అంటే అన్నీ కలిసి తెర మీద కనిపించే రంగునే తీసుకునే ఎంపిక, ఆన్‌లో ఉంది కాబట్టి అది తీసుకున్నది కాగితం మీంచి కనిపించే రంగు, అంటే అప్పటికే నీలం కలిసిన రంగు. దాన్ని తీసుకెళ్లి కాగితం కింద పూస్తే దాని మీద మళ్లీ నీలం కలుస్తుంది. ప్రోగ్రాం తన పద్ధతిలో సరిగ్గానే నడుస్తోంది, నా లెక్కే తప్పింది. ఇప్పుడు అలాంటి పని పడితే ఫిల్టర్ల పక్కనున్న కన్ను గుర్తును ఆపేసి, అసలు రంగు తీసుకుని, పూసి, మళ్లీ కన్ను తెరుస్తాను. లేదంటే పైన ఖాళీ లేయర్ వేసుకుని దాని మీద పూస్తాను, అది ఇంకా సుఖం. అయితే ఆ పూతకు ఫిల్టర్ వర్తించదు. తర్వాత కింది లేయర్ రంగు మారిస్తే పై పూత వేరుపడి కనిపిస్తుంది. ఏదో ఒకటి గుర్తుపెట్టుకోక తప్పదు.

ఎప్పుడైనా సర్దుకోవచ్చని మొదట్లో అన్నాను కదా, అది స్లయిడర్ల వరకు నిజం. లేయర్‌లో కొంత భాగాన్ని ఎంచుకుని ఫిల్టర్ వేస్తే, అది ఆ భాగానికే పరిమితమవుతుంది. అత్తయ్య ముఖాన్ని మాత్రమే ఎంచుకుని కర్వ్స్ వేశాను. తర్వాత చూస్తే మెడ దగ్గర సరిహద్దు కనిపిస్తోంది. ఎంచుకున్న భాగాన్ని కొంచెం కిందికి పెంచుదామంటే నాకు దారి దొరకలేదు. ఆ ఫిల్టర్ తీసేసి, మెడ కూడా కలిపి ఎంచుకుని, అంచులు మెత్తబరిచి, మళ్లీ వేశాను. వాడిన విలువలన్నీ తేదీ, సమయంతో ప్రీసెట్లలో దానంతటదే దాచిపెడుతుంది కాబట్టి కర్వ్ మళ్లీ గీసుకునే బాధ తప్పింది. ఈ విషయంలో ఫొటోషాప్ పద్ధతే మేలు. అక్కడ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌కు సొంత మాస్క్, అంటే మార్పు ఎక్కడ పడాలో చెప్పే ముసుగు ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు బ్రష్‌తో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కాకపోతే అడ్జస్ట్‌మెంట్ లేయర్ కిందున్న అన్నిటి మీదా పడుతుంది, ఒక్కదానికే కావాలంటే దాన్ని ఆ లేయర్‌కు క్లిప్ చేయాలి, అంటే జత కట్టాలి. ఒక స్నేహితుడి సిస్టంలో నేను ఆ క్లిప్ మరిచిపోయి పదకొండు మందినీ నీలం చేసిన సందర్భం కూడా ఉంది. ‘ఈ లేయర్‌కే’ అనేది మొదటినుంచీ ఉండే గింప్ పద్ధతి నా మతిమరుపుకు సరిపోతుంది.

ఫిల్టర్ల వరసను పైకీ కిందికీ జరిపే వీలుంది, వరస మారితే రంగూ మారుతుంది. రెండు మూడు ఫిల్టర్ల వరకు నా సిస్టం బాగానే లాగుతుంది. పెద్ద ఫొటోలో ఐదారు పేరిస్తే జూమ్ చేసినప్పుడల్లా నసుగుతుంది. అప్పుడు ఫిల్టర్లు ఖాయమైపోయాక వాటిని మెర్జ్ చేసేస్తాను, అంటే పిక్సెళ్లలో కలిపేస్తాను. అలా చేశాక అది పాత 2.10 పద్ధతే, వెనక్కి రాదు. ఇంకొకటి, ఫిల్టర్లతో దాచిన ఎక్స్‌సీఎఫ్ ఫైల్ (గింప్ సొంత ఫైల్ రకం) 2.10లో తెరుచుకోదు. ఈ సంగతి చూసుకోకుండా పాత వెర్షన్ వాడే ఒకరికి ఫైల్ పంపించి మాట పడ్డాను.

నేను నెలకు నాలుగైదు ఫొటోలు, అవీ చుట్టాలవీ స్నేహితులవీ చేసేవాణ్ని. నా ఫైల్ ఎక్కువగా నేనే తెరుస్తాను, ఇంకొకరి చేతికి వెళ్లడం అరుదు. ఈ పరిస్థితిలో ఈ ఒక్క సౌకర్యం కోసం పాత వెర్షన్ వదిలేశాను, మళ్లీ వెనక్కి వెళ్లే ఆలోచన లేదు. రోజూ ఇదే పనిగా, నలుగురి మధ్య ఫైళ్లు తిరుగుతూ, మాస్కుల మీద మాస్కులు పెట్టుకుని చేసేవాళ్లకు ఇది చాలుతుందని నేను అనలేను.

అత్తయ్య మెడ దగ్గర ఆ సరిహద్దు పూర్తిగా పోలేదు. స్క్రీన్ మీద నాలుగొందల శాతం జూమ్ చేస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. బావకు చెప్పలేదు.