మార్కులన్నీ పరీక్షకేనా, వారంవారం రాతలా? ఆన్‌లైన్ క్రిమినల్ జస్టిస్ క్లాసుల్లో ఏది మేలు

మా బాబాయి కూతురు అమెరికాలో తూర్పు తీరాన ఉంటది, అక్కడ కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్, అంటే నేరాలు, పోలీసులు, కోర్టుల గురించిన చదువు, ఆన్‌లైన్ క్లాసు తీసుకుంది. నేనేమో అమలాపురంలో ప్లీడరు గారి దగ్గర గుమస్తాని, ఇక్కడ స్వయంలో (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటు) క్రిమినల్ లా మీద 12 వారాల ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపేది) కోర్సు చేశాను. సబ్జెక్టు దాదాపు ఒకటేనండి, మార్కులేసే పద్ధతి మాత్రం ఆ గట్టు వేరు ఈ గట్టు వేరు.

ముందు నాది చెప్తాను. అసైన్‌మెంట్లకి 25, హాలుకెళ్ళి రాసే పరీక్షకి 75. పన్నెండు వారాల్లో బాగా వచ్చిన ఎనిమిదే తీసుకుని సగటు కడతారు. ఇది మన గోదావరి లంకలోళ్ళకి దేవుడిచ్చిన వరం అనుకోండి, ఎందుకంటే ఆగస్టులో వరదొచ్చి మా ఊళ్ళో మూడ్రోజులు కరెంటు లేదు, సెల్లు చార్జింగుకే దిక్కులేదు, ఇంక అసైన్‌మెంటు ఎక్కడ పెడతాం, అయినా ఆ వారం లెక్కలోకే రాలేదు. చేరడం ఫ్రీ, పరీక్షకి మాత్రం 1000 రూపాయలు. అయితే ఒక మెలిక ఉంది. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలి. అసైన్‌మెంట్లలో ఇరవై మూడొచ్చినా పరీక్షలో ఇరవై ఎనిమిది దగ్గర ఆగితే సర్టిఫికెట్ రాదు, మొత్తం కలిపితే యాభై దాటింది కదండీ అంటే ఎవరూ వినరు.

చెల్లి క్లాసులో పెద్ద పరీక్షంటూ లేదు. గురువారానికి డిస్కషన్‌లో మూడొందల మాటలు రాయాలి, ఆదివారం రాత్రి 11:59 లోపు తోటి స్టూడెంట్లు ఇద్దరికి జవాబివ్వాలి, మధ్యలో క్విజ్జు, చివర్న ఏపీఏ పద్ధతిలో ఆధారాలు చూపిస్తూ పేపరు. లేటయితే రోజుకింతని కోత. వాళ్ళ ఆదివారం రాత్రి అంటే ఎండాకాలంలో మనకి సోమవారం పొద్దున్న 9:29, చలికాలంలో 10:29. సరిగ్గా నేను కట్టలు చంకలో పెట్టుకుని కోర్టుకి పరిగెత్తే టైముకి ఫోనొస్తది, "అన్నయ్యా, ఇది ఒక్కసారి చదివి పెట్టవా" అని. ఒక వారం ఎవరికో "బాగా చెప్పావు, నేనూ ఒప్పుకుంటాను" అని రాసి ఊరుకుంటే ఆ జవాబుకి సున్నా వేశారంట. ఒప్పుకుంటే ఎందుకో చెప్పాలి, లేదంటే కాదని వాదించాలి, అదీ అక్కడి రూలు.

తేడా ఎక్కడ తెలిసిందంటే, మిరాండా కేసు నాకూ తెలుసు, 1966, అమెరికా సుప్రీంకోర్టు, కస్టడీలో ప్రశ్నలు మొదలెట్టే ముందు నోరు మెదపకుండా ఉండే హక్కు ఉందనీ, లాయరుని పెట్టుకోవచ్చనీ చెప్పాలి. నా కోర్సులోలా నాలుగు ఆప్షన్లిస్తే టక్కున పెట్టేస్తాను. చెల్లిని మాత్రం ఆ హెచ్చరిక చెప్పకపోతే ఒప్పుకోలు ఏమవ్వాలి, బాధితుడి సంగతేంటి అని రాయమన్నారు. నాకైతే రెండు పేరాలు దాటి చేయి కదల్లేదు. అప్పుడు అర్థమయ్యింది నాకు జవాబులే వచ్చు, వాదన రాదు అని, ప్లీడరు గుమస్తా అయ్యుండి ఇలా చెప్పుకోవడం సిగ్గే అనుకోండి.

అలాగని ఆప్షన్ల క్విజ్జు తేలికని కాదు. మా కోర్టులో చాయ్ తెచ్చే కుర్రాడు కూడా మోసానికి 420, హత్యకి 302 అనే అంటాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 318, 103 అయిపోయాయి కదా. దానికి ముందు జరిగిన నేరాల కేసులు ఇంకా పాత ఐపీసీ కిందే నడుస్తున్నాయి, కాబట్టి నా చేతిలో రోజూ రెండు రకాల కట్టలూ ఉంటాయి, అలవాటు కొద్దీ పాత నంబరు నొక్కేసి మార్కులు పోగొట్టుకున్నాను. మీరు ఏ కోర్సులో చేరినా పాఠం పాత చట్టం మీదా కొత్తదాని మీదా అన్నది ముందే చూసుకోండి.

మూడోది దూరవిద్య. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉంది, అక్కడ మామూలుగా అసైన్‌మెంట్లకి 30, జూన్‌లోనో డిసెంబర్‌లోనో జరిగే పరీక్షకి 70. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. వారంవారం ఎవరూ వెంటపడరు, అదే సుఖం, అదే ప్రమాదం కూడా, దాళ్వా కోతలయ్యాక రాద్దాంలే అనుకుంటే చివరి తేదీ వచ్చి కూర్చుంటది.

నన్నడిగితే, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకి కూర్చునే వాళ్ళకి నేను చేసిన రకమే మేలు, అక్కడా ఎక్కువగా ఆప్షన్లే కాబట్టి. కోర్టు పని చేసేవాళ్ళు, లా చదవాలనుకునే వాళ్ళు మాత్రం రాయించే క్లాసే చూసుకోవాలి, ఎంత విసుగొచ్చినా సరే. మొన్న చెల్లి చివరి పేపరు రిమాండు ఖైదీల మీద రాస్తూ మన దగ్గర రూలేంటని అడిగింది. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 479 ప్రకారం ఇంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బాండు మీద వదలాలి, ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు అని చెప్పాను. "మరి ఎందుకలా పెట్టారన్నయ్యా" అంది, మళ్ళీ నోరు పెగల్లేదు.

అందుకే వచ్చే జనవరికి దూరవిద్యలో చేరదామనుకుంటున్నాను, కనీసం చేత్తో నాలుగు పేజీలు రాయిస్తారు. నా చేతిరాత మా ప్లీడరు గారికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, దిద్దేవాళ్ళ ఖర్మ.