వెయ్యి జీనోముల డేటా (ఐజీఎస్‌ఆర్): ఫేజింగ్ అయిన సీక్వెన్స్ కావాలంటే ముందు ఇక్కడికే వెళ్లండి

గుంటూరు, విజయవాడల్లో బయోటెక్ ప్రాజెక్టులు చేసే పిల్లలకి, వాళ్ల గైడ్లకి గట్టిగా చెప్పదగ్గ వనరు ఇది: రకరకాల జనాభాల మనుషుల డీఎన్ఏ డేటా అందరికీ ఇచ్చే సైటు. ఫేజింగ్ అంటే ఒక మార్పు ఆ మనిషి తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు క్రోమోజోముల్లో దేనిమీద ఉందో విడదీయడం. పైసా కట్టక్కర్లేదు, దరఖాస్తు పెట్టక్కర్లేదు. పైగా ఇందులో మనవాళ్లున్నారు: 2015 విడుదలలోని 2504 మందిలో 102 మంది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, కోడ్ ఐటీయూ. నోమాడ్ బ్రౌజర్ అనే మరో సైటు ఒక వేరియంట్ (డీఎన్ఏలో మార్పు) ఎంతమందిలో ఉందో చెబుతుంది గానీ, ఒక మనిషి రెండు క్రోమోజోముల్ని విడదీసి చూపదు, ఇది చూపుతుంది.

తీసుకోవాల్సింది న్యూయార్క్ జీనోమ్ సెంటర్ 30ఎక్స్ ప్యానెల్ (డీఎన్ఏలో ఒక్కో చోటును సగటున 30 సార్లు చదివిన డేటా). 3202 మంది, అందులో తల్లి, తండ్రి, బిడ్డ కలిసిన ట్రయోలు 602. అందుకే దీని ఫేజింగ్ మీద నమ్మకం ఎక్కువ.

ఫైలంతా దించుకోకండి. పక్కనే టీబీఐ ఇండెక్స్ (ఏ ప్రాంతం ఫైల్లో ఎక్కడుందో చెప్పే సూచిక) ఉంటుంది కాబట్టి బీసీఎఫ్‌టూల్స్ (వేరియంట్ ఫైళ్లతో పనిచేసే ప్రోగ్రామ్) వ్యూ ఆదేశానికి వెబ్ అడ్రసు, కావాల్సిన ప్రాంతం, ఐటీయూ శాంపిళ్ల జాబితా ఇస్తే ఆ ముక్కే వస్తుంది. కాలేజీ నెట్‌లో ఎఫ్‌టీపీ ఆగిపోతే అదే దారిని హెచ్‌టీటీపీఎస్‌తో పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది బిల్డ్ దగ్గర, అంటే పోలికకు వాడే రిఫరెన్స్ జీనోమ్ ఏ వెర్షన్ అన్న దగ్గర. సికిల్ సెల్ మార్పు ఆర్‌ఎస్334 పాత జీఆర్‌సీహెచ్37లో 11వ క్రోమోజోమ్ 5248232 దగ్గరుంటే, 30ఎక్స్ ప్యానెల్ వాడే జీఆర్‌సీహెచ్38లో 5227002 దగ్గరుంటుంది. పాత ఫైళ్లలో పేరు ఉత్త 11, కొత్తవాటిలో ముందు సీహెచ్‌ఆర్ చేర్చాలి. పేరు తప్పితే హెడర్ తప్ప ఒక్క వరుసా రాదు, అక్కడ వేరియంట్లే లేవనుకుంటారు.

వచ్చేది వీసీఎఫ్ (రిఫరెన్స్‌తో తేడాల జాబితా), సీక్వెన్స్ కాదు. ఒక్కో మనిషికి రాసే 0 (రిఫరెన్స్‌లో ఉన్నదే), 1 (మార్పు) మధ్య నిలువు గీత ఉంటే ఫేజింగ్ అయినట్టు, ఏటవాలు గీత ఉంటే కానట్టు. శామ్‌టూల్స్ ఫాయిడెక్స్‌తో రిఫరెన్స్ ముక్క తీసి, బీసీఎఫ్‌టూల్స్ కన్సెన్సస్‌కి శాంపిల్ పేరుతోపాటు పెద్ద హెచ్ ఆప్షన్ ఒకసారి 1, ఒకసారి 2 ఇస్తే రెండు సీక్వెన్సులూ వస్తాయి. రిఫరెన్స్ సరిపోవడంలేదని ఆగిపోతే బిల్డులు కలిసిపోయినట్టే. కోణబ్రాకెట్లలో పేరు మాత్రమే ఉండే స్ట్రక్చరల్ వేరియంట్లను (పెద్ద ముక్కల మార్పుల్ని) ముందే వడకట్టండి, డిలీషన్లు (ముక్క పోయినవి) తప్ప మిగతావాటిని ఆ టూల్ చేర్చలేదు. సికిల్ సెల్ మార్పు ఉండే బీటా గ్లోబిన్ జన్యువు రివర్స్ స్ట్రాండ్ మీద ఉంది కాబట్టి చివర్లో రివర్స్ కాంప్లిమెంట్ (వెనక్కి తిప్పి ఒక్కో అక్షరానికి దాని జతను రాయడం) తప్పనిసరి.

ఒక్కరిలోనే కనిపించే అరుదైన మార్పు రెండు క్రోమోజోముల్లో ఏ ప్రతిమీద ఉందన్నది, ట్రయో లేకపోతే, దాదాపు ఊహే. నిలువు గీత చూసి దాన్ని రుజువుగా థీసిస్‌లో రాయకండి. శాంపిళ్లకు జబ్బుల వివరాలు లేవు, జిల్లా కూడా లేదు. 102 మందిని చూపించి కృష్ణా జిల్లా జనాభా ఇదీ అనడం అన్యాయం.