కోరంగి మడ అడవి: చెక్కబాటా, పడవా?

కాకినాడ పక్కన కోరంగి మడ అడవి చూడ్డానికి రెండు దారులు: చెట్ల మధ్య చెక్కబాట, కాలువలో పడవ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, వీల్‌చైర్ వాళ్ళకీ నా ఓటు బాటకే. అలిసిపోతే అక్కడే ఆగి, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన ఊపిరివేళ్ళు (మడచెట్లు గాలి పీల్చుకునే వేర్లు) తీరిగ్గా చూడొచ్చు. చెక్కల మధ్య సందులు మాత్రం గమనించుకోవాలి, కుర్చీ ముందు చక్రాలు ఇరుక్కునేది అక్కడే. ర్యాంపు ఉంటే అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. అంతకన్నా నిటారైతే తోసేవాళ్ళకి చెమటలే.

పడవలోంచి అడవి ఇంకా బాగుంటుంది, కాదనను. చిక్కంతా ఎక్కడంలోనే. పాటు వేళ నీరు తీస్తే పడవ రేవుకన్నా బాగా కిందికి దిగిపోతుంది; మనిషిని ఎత్తి దించాల్సిందే. నీటితో లేచి దిగే తేలే రేవు కడితే ఆ బాధ తగ్గుతుంది. అప్పటిదాకా పోటు సమయం కనుక్కుని బయల్దేరండి.