కౌలాలంపూర్‌లో ఒక్కదాన్నే: హాస్టల్ బెడ్డా, తెలిసినవాళ్ళ ఇల్లా, టీకొట్టు బల్లా?

ఒంగోలులో ఉండే మా పిన్ని కూతురు వచ్చే నెల బ్యాగు తగిలించుకుని ఒక్కతే కౌలాలంపూర్ వెళ్తోంది. నిన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, పోయినేడు నువ్వు వెళ్ళినప్పుడు అక్కడ అంతమంది ఫ్రెండ్స్ ఎట్టా అయ్యారు? నేను హాస్టల్‌లో దిగితే మేలా, అక్కడున్న కావలి అంకుల్ వాళ్ళింట్లో ఉంటే మేలా?" ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. ఆమెలాగే మొదటిసారి ఒక్కరే బయల్దేరేవాళ్ళకు కూడా పనికొస్తుంది.

ముందు హోటల్లో సింగిల్ రూమ్ సంగతి తేల్చేస్తాను. అమ్మ టెన్షన్ పడుతోందని మొదటి రాత్రి నేను అలాంటి రూమ్‌లోనే దిగాను. పరుపు బాగుంది, తలుపుకు రెండు గడియలున్నాయి. కానీ లిఫ్టులో కలిసినవాళ్ళు ఫోన్ చూసుకుంటూ దిగిపోయారు, టిఫిన్ దగ్గర ఎవరి బల్ల వాళ్ళదే. ఏ అవసరమొచ్చినా రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే సరిపోయేది. మర్నాడే ఖాళీ చేశాను.

అక్కడి నుంచి పసార్ సెని స్టేషన్ దగ్గర, చైనాటౌన్ సందులో ఒక హాస్టల్‌కు మారాను. ఆరు బెడ్లున్న ఆడవాళ్ళ గది, రాత్రికి 45 రింగిట్లు. అప్పుడు రింగిట్ 20 రూపాయల దాకా ఉంది కాబట్టి మన లెక్కలో 900. మలేసియాలో ప్లగ్గులు బ్రిటిష్ తరహావి, మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులవి. మన గుండ్రటి పిన్నుల ఛార్జర్ వాటిలో ఎక్కదు. హోటల్లో వాళ్ళే అడాప్టర్ ఇచ్చారు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. హాస్టల్‌లో రాత్రి పదింటికి ఫోన్‌లో 4 శాతం ఛార్జింగ్ మిగిలింది, అమ్మకు ఇంకా ఫోన్ చేయలేదు. పై బెడ్ మీద అమ్మాయిని అడిగాను. ఇండోనేసియాలోని మేడాన్ నుంచి వచ్చిన నర్సట. అడాప్టర్ ఇచ్చి, రేపు ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది. పొద్దున ఏడింటికి ఇద్దరం కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో బటు గుహల రైలెక్కాం.

అక్కడ 2006లో నిలబెట్టిన మురుగన్ విగ్రహం 140 అడుగుల ఎత్తు. పక్కన 272 మెట్లు, వాటికి 2018లో రంగురంగులు వేశారు. మెట్లెక్కుతూ ఆమె ఈయన ఎవరని అడిగితే, మన సుబ్రహ్మణ్యస్వామి అని చెప్పి, పండు కోసం అన్నదమ్ములిద్దరూ పందెం వేసుకున్న కథ మొదలుపెట్టాను. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగి గెలిచాడనగానే ఆమె మెట్టు మీద కూర్చుని నవ్వింది. వాళ్ళ ఇంట్లోనూ చిన్న తమ్ముడు ఇలాగే చేస్తాడట. టోబా సరస్సు దగ్గర ఉన్న వాళ్ళమ్మమ్మ ఊరి సంగతులు చెప్తూ దిగింది. ఇప్పటికీ నైట్ డ్యూటీ అయిపోయాక ఫోన్ చేస్తుంది.

అందరూ అలా నిలవరు, ఇది కూడా చెప్పాలి. ఆ గదిలో నేనున్న ఐదు రాత్రుల్లో తొమ్మిది మంది మారారు. అందరితో నంబర్లు మార్చుకున్నాం, మాట్లాడేది ఒక్కరితోనే. హాస్టల్ పరిచయం చాలా త్వరగా అవుతుంది, సాధారణంగా అంతే త్వరగా పోతుంది.

కావలి అంకుల్ వాళ్ళిల్లు వేరు. అంకుల్ మా నాన్న స్నేహితుడి తమ్ముడు. నన్ను సొంత కూతురిలా చూశారు. ఆంటీ అక్కడి చేపతోనే మామిడికాయ ముక్కలు వేసి మన చేపల పులుసు చేసింది, రెండో రోజుకు ఇంకా బాగుంది. ఎక్కడికైనా అంకులే కారులో దింపేవారు, ఆయనే తీసుకొచ్చేవారు. ఆ మూడు రోజుల్లో తెలుగు రాని మనిషితో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తప్పు వాళ్ళది కాదు. అడగకముందే అన్నీ చేతికి అందుతుంటే, దారి అడగటానికో, ఉప్పు అడగటానికో ఇంకొకరి దగ్గరికి వెళ్ళే పని ఉండదు. కొత్తవాళ్ళతో మాట మొదలయ్యేది మాత్రం అలాంటి చిన్న అవసరంతోనే. నాకు ఆ ఊరిలో అయిన స్నేహాలన్నీ నేను ఏదో ఒకటి అడగటంతోనే మొదలయ్యాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి మమక్ కొట్టులో అయింది. అక్కడ తమిళ ముస్లింలు నడిపే టిఫిన్ కొట్లను మమక్ అంటారు. తమిళంలో మామ అనే పిలుపు నుంచే ఆ పేరు వచ్చింది. చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. రెండు మూడు రింగిట్లకు తే తారిక్ అనే పాల టీ, అంతకే పొరలు పొరలుగా కాల్చిన రోటీ చనాయ్, దానిమీదికి పప్పు. ఖాళీ కుర్చీ ఏ బల్ల దగ్గరుంటే అక్కడ కూర్చోవచ్చు. మా నెల్లూరికి మద్రాసు దగ్గర కాబట్టి నా అరకొర తమిళం బాగానే పనికొచ్చింది. మూడో సాయంత్రానికి టీ పోసే అన్న నన్ను చూసి చక్కెర తగ్గించడం మొదలుపెట్టాడు.

రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్ళను చదువు రొట్టె కావాలనో, పెళ్ళి రొట్టె కావాలనో అడిగే ఊరు నెల్లూరు. చిన్నప్పటి నుంచి అది చూసి పెరిగినదాన్ని. పక్క కుర్చీవాళ్ళను "ఇది ఎలా తింటారు?" అని అడగటానికి నాకు మొహమాటం వేయలేదు. అలా ఒక టాక్సీ డ్రైవరు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలమ్మే అబ్బాయి, ఇద్దరు కాలేజీ పిల్లలు పరిచయమయ్యారు. రోజూ ఆరున్నరకు అదే కొట్టుకు వెళ్ళేదాన్ని. రోజుకొక కొత్తచోటికి వెళ్ళి ఉంటే వీళ్ళెవరూ నాకు రెండోసారి కనిపించేవాళ్ళు కాదు.

నాలుగో రోజు అమ్మతో ఫోన్లో "తిన్నానమ్మా, రొట్టె, పప్పు" అంటున్నాను. వెనక బల్ల నుంచి ఒక పెద్దావిడ తిరిగి చూసింది. "ఏటమ్మా, తెలుగుదానివా? ఒక్కదానివే వచ్చినావా?" మనం ఏంది అనే చోట ఉత్తరాంధ్రవాళ్ళు ఏటి అంటారు. కౌలాలంపూర్‌లో పుట్టిన మనిషి నోట ఆ మాట విని ఒళ్ళు జలదరించింది. రిటైరైన టీచరమ్మ. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేసియాలోని బగాన్ దతో అనే చోట కొబ్బరి తోటల్లో కూలికి వచ్చాడట. అక్కడి తెలుగువాళ్ళు 1955లోనే సంఘం పెట్టుకున్నారు. ఆమె మాత్రం తెలుగు తల్లి దగ్గరే నేర్చుకుంది. ఆంధ్ర ఎప్పుడూ చూడలేదు. "శ్రీకాకుళం ఎలా ఉంటాది?" అని అడిగింది. నాకు మద్రాసు మూడు గంటల దూరం, శ్రీకాకుళం ఒక రాత్రంతా రైలు. నేనూ చూడలేదని చెప్పాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె ఇంకో రెండు టీలు చెప్పింది.

కాబట్టి చెల్లీ, దిగగానే మూడు నాలుగు రాత్రులు హాస్టల్. సాయంత్రాలు ఒకే మమక్ కొట్టు, ఒకే వేళకు. అంకుల్ వాళ్ళిల్లు చివరి రెండు రోజులకు ఉంచుకో, కానీ చేరిన రోజే వాళ్ళకు ఫోన్ చెయ్యి. జ్వరమొచ్చినా, పాస్‌పోర్టు పోయినా నీకు ఉండే గడప అదే. ఆ ధైర్యం ఉంది కాబట్టే నేను ఆ ఆరు బెడ్ల గదిలో నిద్రపోగలిగాను. ఆడవాళ్ళ గదే తీసుకో, లాకర్‌కు తాళం నీదే పట్టుకెళ్ళు. కొత్తగా పరిచయమైనవాళ్ళను పదిమంది ఉన్నచోటే కలువు, హాస్టల్ పేరు చెప్పకు, ఎక్కడున్నావో పిన్నికి మెసేజ్ పెట్టు.

వీసా గురించి దిగులొద్దు. 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్ళకు 30 రోజుల వరకు అక్కర్లేదు. దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం నింపాలి, దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కో, నాలా రాత్రి పదింటికి వెతుక్కోవద్దు. వీలైతే రెండు కొను, గదిలో ఎవరికో ఒకరికి ఉండదు.

నువ్వు వస్తున్నావని టీచరమ్మకు నిన్ననే మెసేజ్ పెట్టాను. పొద్దున జవాబు వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: "ఏటి, ఇంకో పిల్ల కూడానా? ఆరున్నరకు రమ్మను. ఒంగోలు ఎలా ఉంటాదో అదైనా చెప్పగలదా?"