ఎస్‌క్యూలైట్ తన తప్పులను ఎలా చెబుతుంది: వాడినవారి సమీక్ష

లైబ్రరీని (మన ప్రోగ్రామ్‌లో కలుపుకునే, ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ను) ఎంచుకునేటప్పుడు దాని వేగం చూస్తాం, లైసెన్సు చూస్తాం, కానీ పని చెడినప్పుడు అది మనకేం చెబుతుందో మాత్రం చూడం. కొన్నేళ్ల క్రితం నేను వాడిన ఒక లైబ్రరీ ఫైల్ లేకపోయినా, అనుమతి లేకపోయినా, డిస్క్ నిండిపోయినా మైనస్ ఒకటి అనే ఒకే అంకెను చేతికిచ్చేది. అసలు కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు దాని సోర్స్ కోడ్ చదవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ లైబ్రరీకైనా ముందు ఎర్రర్ల పేజీ తెరిచి చూస్తున్నాను. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్‌ను ఇక్కడ ఆ ఒక్క కోణం నుంచే పరిశీలిస్తున్నాను.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చింది, ప్రోగ్రామ్ చదవాల్సిన అంకెనూ మనిషి చదవాల్సిన వాక్యాన్నీ వేరువేరుగా ఉంచడం. ఒకే ఈమెయిల్ రెండుసార్లు ఉండకూడదని నియమం పెట్టిన యూజర్స్ టేబుల్‌లో అప్పటికే ఉన్న ఈమెయిల్‌తో మరో వరుసను చేర్చబోతే 19 అనే కోడ్ వస్తుంది. ఏదో ఒక కన్‌స్ట్రెయింట్ (డేటాకు పెట్టిన నియమం) ఉల్లంఘన జరిగిందని దాని అర్థం. మరింత వివరమైన విస్తృత కోడ్ అడిగితే యూనిక్ (విలువ మళ్లీ రాకూడదు) ఉల్లంఘనకు 2067, నాట్ నల్‌కు (ఖాళీగా ఉండకూడదు) 1299, ఫారిన్ కీకి (వేరే టేబుల్‌లోని వరుసను సూచించే విలువ అక్కడ ఉండాలి) 787 వస్తాయి. వీటిలో దేని చివరి 8 బిట్లను చూసినా 19 కనబడుతుంది కాబట్టి, కొత్త వివరం చేరినా పాత ప్రోగ్రామ్‌లు చెడవు. వాక్యం కూడా నిండుగా ఉంటుంది: 'యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్: యూజర్స్.ఈమెయిల్' అని టేబుల్ పేరు, కాలమ్ పేరు రెండూ చెబుతుంది. అయితే పాతవాటితో పొంతన కోసం విస్తృత కోడ్‌లను మొదట ఆపి ఉంచుతారు, కొత్తగా వాడేవారు వాటిని తామే ఆన్ చేసుకోవాలి.

అంకెను చూసే నిర్ణయం తీసుకోవాలనడానికి మంచి ఉదాహరణ 5, 6 కోడ్‌లు. వేరే కనెక్షన్ డేటాబేస్‌ను పట్టుకుని ఉంటే 5 వస్తుంది. చాలాసార్లు కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తే చాలు. ఘర్షణ అదే కనెక్షన్ లోపలో, ఉమ్మడి క్యాష్ (తాత్కాలిక నిల్వ) వాడుతున్న కనెక్షన్ల మధ్యో ఉంటే 6 వస్తుంది. అప్పుడు సాధారణంగా మన కోడ్‌నే సరిచూసుకోవాలి. కానీ మొదటిదానికి వచ్చే వాక్యం 'డేటాబేస్ ఈజ్ లాక్డ్', రెండోదానికి 'డేటాబేస్ టేబుల్ ఈజ్ లాక్డ్'. వాక్యాలను పోల్చి నిర్ణయించే ప్రోగ్రామ్ ఇక్కడ సులువుగా పొరబడుతుంది.

క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) రాతలో జరిగే సింటాక్స్ తప్పుల విషయంలో చాలా మెరుగుపడింది. 2022లో వచ్చిన 3.38.0 నుంచి, తప్పు ఏ స్థానంలో దొరికిందో చెప్పే ఫంక్షన్ ఉంది. ఆ స్థానాన్ని బైట్లలో చెబుతుందని గుర్తుంచుకోవాలి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'రాము' అనే రెండక్షరాల పేరుకే 12 బైట్లు పడతాయి. క్వెరీలో తెలుగు ఉన్నప్పుడు ఆ అంకెను అక్షరాల లెక్కగా తీసుకుంటే, తప్పును చూపడానికి మనం పెట్టే బాణం గుర్తు ఎక్కడో దూరంగా పడుతుంది. ఇంకో సంగతి. 'సెలెక్ట్ నేమ్ ఫ్రమ్ యూజర్స్' అని రాయబోతూ 'ఫ్రమ్'లో రెండు అక్షరాలు తారుమారు చేస్తే, తప్పు 'యూజర్స్' దగ్గర ఉందంటుంది. తారుమారైన ఆ మాటను అది కాలమ్‌కు పెట్టిన మారుపేరుగా తీసుకుని ముందుకు సాగడమే దీనికి కారణం. తప్పు చూపించిన చోటికి ఒక మాట వెనక కూడా చూడటం అలవాటు చేసుకోవాలి.

ఫారిన్ కీ ఉల్లంఘనలో మాత్రం ఏ టేబుల్, ఏ కీ అన్నది చెప్పదు. టేబుళ్లు ఎన్నో ఉన్నచోట ఇది నిజంగా బాధ పెడుతుంది. అయితే ఇందుకు కారణం నిర్మాణంలోనే ఉంది: ఉల్లంఘనలను అది ఒక కౌంటర్‌తో లెక్కిస్తుంది, స్టేట్‌మెంట్ ముగిసేసరికి, వాయిదా వేసిన కీలకైతే కమిట్ (మార్పులను ఖాయం చేసే) సమయానికి, ఆ లెక్క సున్నాకు రాకపోతే విఫలమైందంటుంది. తనకే తెలియనిదాన్ని చెప్పలేదని దాన్ని నేను తప్పుపట్టను.

14వ కోడ్ సంగతి అలా కాదు. 'అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్' అని వస్తుంది. ఏ ఫైలో, ఎందుకు తెరుచుకోలేదో అందులో ఉండదు. అదే సమయంలో ఎర్రర్ లాగ్‌ను ఏర్పాటు చేసుకున్నవారికి ఫైల్ పూర్తి దారి, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన అంకె, 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అనే కారణం, అన్నీ ఒకే వరుసలో అందుతాయి. అంటే విషయం దానికి తెలుసు. ఆ లాగ్‌ను సాధారణంగా ప్రోగ్రామ్ మొదట్లోనే అమర్చుతారు కాబట్టి, సమస్య ఎదురైన తరువాత దాని గురించి చదివినవారు ప్రోగ్రామ్‌ను మళ్లీ నడపాల్సి రావచ్చు. ఫైల్ దారి తుది వాడుకరులకు కనబడకూడదనుకుంటే దాన్ని దాచే పని అప్లికేషన్ రాసేవారిది. లైబ్రరీ మాత్రం ఆ దారినీ ఆ కారణాన్నీ ప్రోగ్రామర్ మొదట చదివే వాక్యంలోనే పెట్టాలి.