యూయింగ్ సార్కోమా: ఫిష్, ఆర్‌టీ-పీసీఆర్, ఎన్‌జీఎస్... ఏ టెస్టు మేలు?

యూయింగ్ సార్కోమా అరుదైన ఎముక క్యాన్సర్. ఎక్కువగా పిల్లల్లో, కుర్రవయసు వాళ్లలో వస్తుంది. బయాప్సీ రిపోర్టులో ‘స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్ (చిన్న గుండ్రటి కణాల కణితి), సీడీ99 (కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) పాజిటివ్’ అని ఉన్నంత మాత్రాన ఇదేనని ఖాయం చేసుకోలేం. కొన్ని లింఫోమాల్లోనూ (తెల్ల రక్తకణాల క్యాన్సర్లు) సీడీ99 పాజిటివే వస్తుంది. తేల్చి చెప్పేది జన్యువుల్లో మార్పే. దాన్ని పట్టే టెస్టులే ఫిష్, ఆర్‌టీ-పీసీఆర్, ఎన్‌జీఎస్ (చాలా జన్యువులను ఒకేసారి చదివే పరీక్ష). 11, 22 క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకున్నప్పుడు ఈడబ్ల్యూఎస్‌ఆర్1, ఎఫ్‌ఎల్‌ఐ1 అనే రెండు జన్యువులు అతుక్కుపోతాయి. సుమారు 85 శాతం కేసుల్లో జరిగేది ఇదే. ఇంకో 10 శాతంలో 21వ క్రోమోజోము మీది ఈఆర్‌జీ వచ్చి అతుక్కుంటుంది. ఈ మార్పు కణితిలోనే పుడుతుంది, అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు. కాబట్టి తోబుట్టువులకూ ఈ టెస్టు చేయించాలేమోనని టెన్షన్ పడనక్కర్లేదు.

ఫిష్ టెస్టులో ఈడబ్ల్యూఎస్‌ఆర్1కు అటు ఎర్ర చుక్క, ఇటు ఆకుపచ్చ చుక్క మెరిసేలా చేసి మైక్రోస్కోపులో చూస్తారు. జన్యువు బాగుంటే రెండూ కలిసి పసుపుగా కనిపిస్తాయి, తెగితే ఎడంగా జరుగుతాయి. చిన్న ముక్క చాలు, రిపోర్టు త్వరగా వస్తుంది, ఎన్‌జీఎస్ కన్నా ఖర్చు తక్కువ. అయితే తెగిందనే చెబుతుంది, దేనితో అతుక్కుందో చెప్పదు. క్లియర్ సెల్ సార్కోమా అనే వేరే క్యాన్సర్‌లో తెగేదీ ఈ జన్యువే మరి. పైగా ఈఆర్‌జీ కేసుల్లో చుక్కలు సరిగా విడిపోక, జబ్బు ఉండి కూడా నెగటివ్ రావచ్చు.

కోవిడ్ పుణ్యమా అని ఆర్‌టీ-పీసీఆర్ పేరు తెలియనివాళ్లు లేరు. వెతకమన్న అతుకును బాగా పట్టుకుంటుంది, వెతకమనని దాన్ని పట్టించుకోదు. ఎన్‌జీఎస్ ఉన్నచోట దీనికోసం విడిగా పట్టుబట్టనక్కర్లేదు.

ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల నకలు) చదివే ఎన్‌జీఎస్ అయితే ఏది దేనితో అతుక్కుందో పేర్లతో సహా చెబుతుంది. సీఐసీ, బీసీఓఆర్ జన్యువులు మారిన సార్కోమాలు చూడ్డానికి యూయింగ్‌లాగే ఉంటాయి. 2020 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణలో వాటిని వేరే జబ్బులుగా విడదీశారు. సీఐసీ రకం యూయింగ్ కీమోకు అంతగా లొంగదు కూడా. డబ్బు, సమయం ఎక్కువ పట్టినా ఎన్‌జీఎస్‌కు విలువ ఇక్కడే.

నా లెక్కలో, మిగతా లక్షణాలన్నీ యూయింగ్‌కే సరిపోతుంటే ఫిష్ పాజిటివ్ చాలు. ఎన్‌జీఎస్ కోసం కీమో ఆపుకుని కూర్చోవడం తెలివైన పని కాదు. ఫిష్ నెగటివ్ వచ్చినా, ముక్కను పరీక్షించే పాథాలజిస్టుకు ఏదో తేడా కొట్టినా నేరుగా ఎన్‌జీఎస్‌కు వెళ్లడమే మేలు.

ఏ టెస్టుకైనా ముక్క పాడవకుండా ఉండాలి. ఎముక గట్టిది కాబట్టి పలచగా కోయడానికి ముందు యాసిడ్‌లో నానబెట్టి మెత్తబరుస్తారు. ఘాటైన యాసిడ్ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను చెడగొడుతుంది. యూయింగ్ కణితి చాలాసార్లు ఎముక దాటి పక్క కండలోకి పెరుగుతుంది. ఆ మెత్తని భాగం నుంచి తీసిన ముక్కను యాసిడ్‌లో వేయకుండా విడిగా ఉంచమని బయాప్సీకి ముందే డాక్టర్‌ని అడగాలి. గట్టి ఎముక తప్ప ఇంకేం దొరకకపోతే యాసిడ్ బదులు ఎముకను నెమ్మదిగా మెత్తబరిచే ఈడీటీఏ అనే రసాయనం వాడొచ్చు. దానికి రోజులు ఎక్కువ పట్టినా, జన్యు పరీక్షకు పనికొచ్చే ముక్క మిగులుతుంది.